వ్యాఖ్యలు: ఏమీ లేవు

మూడు నెలలకోసారి బ్యాటరీ మార్చడానికి వస్తాను.
ఇనప్పెట్టె తాళం తీసి, స్కేలు చూసి, పుస్తకంలో రాస్తాను:
నీటిమట్టం 0.42 మీటర్లు.
చివరి గడి పేరు వ్యాఖ్యలు. అందులో
ఏడేళ్లుగా ఒకటే మాట: ఏమీ లేవు.

ఫిండ్‌హార్న్ నీళ్లు డికాషన్ రంగు.
మురికి కాదు. పైన మోనలీయ కొండల మీద
వేల ఏళ్లుగా నానుతున్న నాచు దిగిన రంగు.
దోసిట్లోకి తీస్తే తేటగానే ఉంటాయి,
లోతున్నచోటే నలుపు.
"నా మొదటి మొగుడూ అంతే" అంది ఇష్‌బెల్ మెక్‌క్వీన్.

ఎనభై ఒకటి ఆమెకి. టొమాటిన్ చుట్టుపక్కల
ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచిన మనిషి.
ఇవాళ ఫోరెస్‌లో పళ్ల డాక్టరు దగ్గర దించాలి.
సీటు బెల్టు పెట్టుకుంటూనే మొదలుపెట్టింది:
ఈ దేశంలో చివరి తోడేలుని చంపింది
తమ ఇంటిపేరు వాడేనట.
వేటకి ఆలస్యమైందని దొర కేకలేస్తుంటే
కప్పుకున్న దుప్పటి కింద నుంచి తల తీసి చూపించాడట.
అదే చివరిదని రుజువేంటి అన్నాను.
"తర్వాత ఇంకోటి రాలేదుగా."

అద్దంలో వెనక్కి జరుగుతున్న పైలోయని చూపించింది.
అక్కడ కప్పులేని గోడలు, మోకాలెత్తున.
ముందు గొర్రెలొచ్చాయి,
గొర్రెల వెనక జింకలు, జింకల వెనక తుపాకులు.
మనుషులు మాత్రం నది పోయిన దారినే పోయారు, సముద్రానికి.
ఆ గోడలకి ఆమె సంచిలో ఏనాడూ ఒక్క కార్డు లేదు.
అయినా ఏ గోడ తర్వాత ఏ గోడో
పేర్లన్నీ వరసగా అప్పజెప్పింది,
డ్యూటీలో ఉన్నట్టు.

డల్సీ వంతెన దగ్గర కారు నెమ్మదించాను.
సైన్యం నడవడానికి కట్టిన రాతి విల్లు,
ఇప్పుడు పాల వ్యాను దాటుతోంది.
ఆర్డ్‌క్లాక్‌లో చర్చి లోయ అడుగున,
దాని గంట మాత్రం విడిగా కొండ మీద.
కింద మోగితే పైవాళ్లకి వినపడదని.
దేవుడు ఒకచోట, పిలుపు ఒకచోట.

ఇంకా దిగితే రాండల్ఫ్ దూకిన చోటు.
రెండు బండలు దగ్గరికొచ్చి
నదిని పక్కకి తిరిగి నడవమంటాయి.
"దూకింది రాండల్ఫ్ కాదు, వాడు తరిమినవాడు.
ప్రాణం దక్కింది దూకినవాడికి,
పేరు తరిమినవాడికి" అని
పళ్లు నొప్పెట్టినా నవ్వింది.

చెట్ల మధ్య ఒక రాయి.
1829 ఆగస్టులో వరద ఇక్కడిదాకా అని చెక్కారు.
రాయి పక్కన నించుని కిందికి చూశాను.
నది కనపడదు. ఎవరో పక్కగదిలో
మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది.
యాభై అడుగులు!
ధవళేశ్వరంలో మాకు హెచ్చరికలు మూడే.
రేడియోలో రెండోది వినగానే
మా నాన్న బియ్యం బస్తా అటకెక్కించేవాడు.
నాలుగోది ఉంటుందని
ఎవరూ చెప్పలేదు.

"ఆ రోజు ఒక తోటమాలి
మామూలు నీటికి యాభై అడుగుల పైన
గొడుగుతో సాల్మన్ చేపని పట్టాడంటారు."
"నమ్ముతావా?"
"గొడుగు సంగతి నమ్ముతాను.
ఇక్కడ వానకి గొడుగెందుకు తెచ్చాడో
అదే నమ్మలేను."

ఆమెని దించి, నదీముఖం దాకా వెళ్లాను.
ఆ పడమటి పైన్ అడవి కింద కల్బిన్ పొలాలున్నాయట,
ఇసుక ఊరి మీదికి నడిచొచ్చిన ఏడాది నుంచీ.
నా పెట్టెలో దేనికీ కొలత లేదు,
ఇసుకకి గానీ, పోయినవాళ్లకి గానీ.
ఆటుపోటులో డికాషన్ పలచబడుతోంది.

పుస్తకం తెరిచి, గడిలో రాశాను:
గొడుగు.

సోమవారం ఇన్వర్‌నెస్ ఆఫీసు నుంచి ఫోను.
పరికరాల జాబితాలో గొడుగు లేదే, ఎక్కడ పోయింది?